ఏడవ అధ్యాయము: ఎవరి మాట, ఏ పంక్తి

గత యుగాదికి ముందు, వైశాలీ నగర్‌లోని తెలుగు కుటుంబములవారము కొందరము కూడి, భిలాయి ఉక్కు కర్మాగారమున పనికై తొలితరమున ఈ నేలకు తరలివచ్చిన పెద్దల జ్ఞాపకములను ఒక చిన్న సంచికగా అచ్చువేయింప సంకల్పించితిమి. సేకరణభారమును పడుచువారు పైన వేసికొనిరి. అచ్చునకు పంపుటకు ముందు వ్రాతలను ఒకమారు సరిచూచు పని, తీరిక గలవాడనను నెపమున, నాకు అప్పగింపబడెను. వచ్చిన వ్రాతలలో ఒకదాని కూర్పు విచిత్రముగా నుండెను. ఒక వృద్ధుడు చెప్పగా ఎవరో వ్రాసిపెట్టిన రెండు మూడు వాక్యములు దానికి మూలము. వానిని తన జాబులో ఉదాహరించి ఆయన కుమారుడు ఒక వాక్యము చేర్చెను. ఆ రెంటిని తిరిగి ఉదాహరించి మనుమరాలు తన మాట వ్రాసి మాకు పంపెను. మూడు తరముల కంఠములు ఒకే పుటలో నున్నవి. ఏది ఎవరి కంఠమో తెలుపుటకు, పంక్తుల మొదట బాణపు ములికివలె నిలిచిన > అను గుర్తు తప్ప వేరొక సాక్ష్యము లేదు.

ఇన్ని చేతులు మారుటచేత పంక్తులు చెదరిపోయి, నా తెరమీద ఇట్లు కనబడెను:

> > నేను వచ్చేసరికి ఇక్కడ ఇల్లూ లేదు, వాకిలీ
లేదు,
> > చుట్టూ ఎర్రమట్టి. ఊరు విడిచిపెట్టి తప్పు
చేసేనేమో
> > అని నాలుగు నెలలు బెంగపెట్టుకున్నాను.
> నాన్న ఆ మాట మాతో ఎప్పుడూ అనలేదు.

ఇట్టి చెదురుపాటు కంటికి ఇంపు గాదు. అడ్డముగా తోచిన గుర్తులను కొన్నింటిని చేతితో చెరిపివేసి, తక్కిన భాగము నంతయు ఎంచి, పేరాను చక్కదిద్దు మీటను నేను నొక్కితిని. క్షణములో పంక్తులన్నియు ఒక కొలతకు వచ్చినవి. నా పాండిత్యమునకు నేనే మురియుచుండగా, వెనుక నిలిచి చదువుచున్న నా మేనకోడలు నవ్వెను.

“మావయ్యా, బెంగపెట్టుకున్నది తాతగారు కదా. మీరు వాళ్ళబ్బాయి బెంగపెట్టుకున్నట్టు చేసేరేంటి?”

చూతును గదా, పుట అడుగున ఇట్లున్నది:

> ఊరు విడిచిపెట్టి తప్పు చేసేనేమో అని నాలుగు నెలలు
> బెంగపెట్టుకున్నాను. నాన్న ఆ మాట మాతో ఎప్పుడూ అనలేదు.

ఒక్క అక్షరము పోలేదు. ఒక్క పదము మారలేదు. వాక్యములు వ్యాకరణయుక్తముగనే యున్నవి. కాని తండ్రి గుండెలోని బెంగ కుమారుని నోటికి వచ్చినది, కుమారుడు అన్న ‘ఆ మాట’ ఏ మాటయో తెలియకపోయినది. పంక్తులను సర్దుట వంటి నిరపాయమైన పని ఒకరి బ్రతుకును మరియొకరి లెక్కలో ఎట్లు వ్రాయగలిగినదో, అట్లు వ్రాయకుండ చేయుటకు కార్యక్రమకర్తలు ఏ యే యుపాయములు పన్నిరో విచారించుటయే ఈ అధ్యాయమునకు విషయము.

పది, ముప్పదిరెండు, అరువదిరెండు

సాదా వ్రాత ఫైలులో పంక్తి యనునది మనము కాగితముమీద చూచునట్టి వస్తువు గాదు. అందున్నది ఆది నుండి అంతము వరకు సాగిపోవు ఒకే సంఖ్యల వరుస. 1963లో వెలువడిన ఆస్కీ సంకేతపట్టికయందు ప్రతి చిహ్నమునకును ఒక సంఖ్య కలదు: పదముల నడుమ ఖాళీకి 32, ములికి గుర్తునకు 62, పంక్తి మారవలెనను ఆజ్ఞకు 10. కావున పేరాను తిరిగి అమర్చుట యనగా, సంఖ్యల భాషలో చెప్పినచో, కొన్ని పదులను ముప్పదిరెండులుగను, కొన్ని ముప్పదిరెండులను పదులుగను మార్చుటయే. రెండును కంటికి శూన్యములే; ఒక శూన్యము స్థానమున మరియొక శూన్యమును ఉంచుటలో అర్థమునకు హాని యేమి కలుగునని తోచుట సహజము.

ఉదాహరణము ప్రవేశించిన తోడనే ఈ నెమ్మది చెడును. ములికి గుర్తు పంక్తికి మొదట నున్నంతవరకే సాక్షి. పంక్తులు కలిసి, ఆ గుర్తు నడుమకు జారినచో, అది అర్థములేని చెత్తయై ‘వాకిలీ లేదు, > > చుట్టూ’ అనురీతిగా వాక్యమునకు అడ్డుపడును. దీనికి విపర్యయమును కలదు. ‘అయిదు > మూడు’ అని లెక్కల పాఠమున వ్రాసిన వాక్యము సరిగా ఆ గుర్తునొద్దనే విరిగినచో, రెండవ పంక్తి ములికితో మొదలగును. ఉపాధ్యాయుని సొంత మాటను యంత్రము పరోక్తిగా భ్రమించును. ఇంతకంటె వింతయైనది పాత యూనిక్స్ జాబుపెట్టెల వృత్తాంతము. అందు అనేక జాబులు ఒకే ఫైలులో వరుసగా నిలువ చేయబడుచు, ‘ఫ్రమ్’ అను ఆంగ్లపదముతో మొదలగు పంక్తి కొత్త జాబునకు ఆరంభచిహ్నముగా నుండెడిది. అందువలన ఎవరైనను తమ జాబులో ఒక పంక్తిని ఆ పదముతోనే ఆరంభించినచో, గందరగోళము కలుగకుండ యంత్రము దానిముందు ఒక ములికిని తానే చేర్చెడిది. ఎవరును ఉదాహరింపని మాటకు ఉదాహరణపు బొట్టు పెట్టిన ఘనత ఈ విధముగా యంత్రమునకే దక్కినది.

ఎనుబది గడుల వారసత్వము

పంక్తికి ఒక నియతమైన కొలత ఎందుకుండవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కంప్యూటరు పుట్టుకకు ముందే, ఒక అట్టముక్కలో నున్నది. 1928లో ఐబీఎమ్ సంస్థ ప్రవేశపెట్టిన చిల్లుల కార్డునకు ఎనుబది నిలువు గడులు. ఒక్కొక్క గడియందు ఒక్కొక్క చిహ్నము. కార్డులు పోయి కాగితపుచుట్టతో పనిచేయు టెలిటైపులు వచ్చినవి. 1960లలో ప్రసిద్ధికెక్కిన ముప్పదిమూడవ నమూనా టెలిటైపునకు పంక్తికి 72 చిహ్నములు. టెలిటైపులు పోయి గాజుతెరలు వచ్చినవి. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ వెలువరించిన వీటీ-100 టెర్మినల్‌నకు మరల ఎనుబది గడులు, ఇరువదినాలుగు పంక్తులు. అట్ట గాజుగా మారినను, పూర్వుల పొలముగట్లను మనుమలు దున్నక విడిచిపెట్టినట్లు, ఆ కొలతను మాత్రము ఎవరును చెరపలేదు.

ఈ ఎనుబదిలో ఉదాహరణములకు చోటు మిగుల్చుట ఒక గణితసమస్య. ఒక్కొక్కమారు ఉదాహరించినప్పుడు పంక్తికి ములికియు ఖాళీయు కలిసి రెండు గడులు పెరుగును. డెబ్బదిరెండు గడుల పంక్తిని నాలుగుమారులు ఉదాహరించినచో సరిగా ఎనుబది నిండును. అయిదవమారు అది గట్టు దాటును. 1995లో వెలువడిన ఒక మర్యాదపత్రము పంక్తికి అరువదియైదు చిహ్నములకంటె తక్కువగా వ్రాయుడని హితవు చెప్పెను. 2001 నాటి ఈమెయిలు ప్రమాణము డెబ్బదియెనిమిది మించకుండుట మేలనియు, 998 మాత్రము మించనే కూడదనియు విధించినది. గట్టు దాటిన పంక్తిని నడుమనున్న ఏదో యొక కార్యక్రమము నిర్దాక్షిణ్యముగా విరుచును. విరిగిన తోకకు ములికి పెట్టవలెనను జ్ఞానము దానికి లేదు. మా పెద్దాయన వాక్యములలో ‘లేదు’, ‘చేసేనేమో’ అను పదములు గుర్తు లేక ఒంటరిగా వ్రేలాడుటకు కారణమిదియే. ఒక ప్రమాణపత్రమున ఈ దురవస్థకు ‘సిగ్గుపుట్టించు పంక్తివిరుపు’ అని అర్థమిచ్చు పేరే పెట్టిరి; ప్రమాణపత్రములు వ్రాయువారికిని హాస్యము తెలియునని దీనివలన గ్రహింపనగును.

విప్పి, నింపి, మరల కట్టుట

వ్రాతను పంక్తులలో నింపుట యంత్రమునకు నేర్పిన తొలివారిలో జెరోమ్ సాల్ట్‌జర్ ఒకడు. మసాచుసెట్స్ సాంకేతికసంస్థయందు 1964లో ఆయన రచించిన రనాఫ్ అను కార్యక్రమము, పొట్టి పంక్తులను కలిపి నిండు పంక్తులుగా కూర్చెడిది. ఆ పనికి ‘ఫిల్’, అనగా నింపుట, అను పేరు నాటినుండియు నిలిచినది. 1976లో ఈమాక్స్, వీఐ అను రెండు ఎడిటర్లు, ఒకటి అమెరికా తూర్పుతీరమునను మరియొకటి పడమటితీరమునను, పుట్టినవి. వీఐ సంప్రదాయమును పెంచి బ్రామ్ మూలెనార్ 1991లో విమ్ అను ఎడిటరును వెలువరించెను. ఈమాక్స్‌లో మెటా మీటతో క్యూను నొక్కినను, విమ్‌లో పేరాను ఎంచి జీ, క్యూ అను రెండక్షరములను వరుసగా నొక్కినను అది సర్దుకొనును.

ఉదాహృతమైన పేరాను సర్దుట పూలదండను విప్పి మరల కట్టుటవంటిది. మొదట, పేరా ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసినదో గుర్తింపవలెను. రెండవది, ప్రతి పంక్తి మొదటను సమానముగా నున్న ముంగుర్తును, ప్రోగ్రామర్లు ప్రిఫిక్స్ అనుదానిని, ఊడదీసి వేరుగా దాచవలెను. మూడవది, మిగిలిన పదములను, మొత్తము వెడల్పులోనుండి ముంగుర్తు వెడల్పును తీసివేయగా మిగిలిన చోటున నింపవలెను. నాలుగవది, కొత్తగా ఏర్పడిన ప్రతి పంక్తికిని దాచిన ముంగుర్తును తిరిగి తగిలింపవలెను. మూడు పంక్తుల పేరా రెండు పంక్తులైనచో ఒక ముంగుర్తు మిగులును, నాలుగైనచో ఒకటి కొత్తగా పుట్టును. గుర్తుల సంఖ్య మారినను వాని సాక్ష్యము మారదు.

వీనిలో రెండవ మెట్టే కష్టతరము. దానిని ఒక్కొక్క కార్యక్రమము ఒక్కొక్క స్వభావముతో ఎక్కినది. ఈమాక్స్ మనుష్యుని అడుగును: ములికి తరువాత కర్సరు నుంచి, కంట్రోల్ మీటతో ఎక్స్‌ను నొక్కి, పిదప చుక్కను నొక్కినచో, పంక్తిలో కర్సరునకు ఎడమనున్న దంతయు ముంగుర్తని అది నమ్మును. తానుగా ఊహించు శక్తియు దానికి గలదు. విమ్ ఒక పట్టికను దగ్గర నుంచుకొనును; ఆ పట్టికలో ములికి గుర్తునకు ‘ఒకదానిలో నొకటి ఇమడగలది’ అను ప్రత్యేకలక్షణము వ్రాయబడి యుండుటచే, రెండు ములుకుల పంక్తిని ఒక్క ములికి పంక్తితో అది కలుపదు. గ్నూ ప్రాజెక్టువారి ఎఫ్ఎమ్‌టీ కార్యక్రమమునకు ముంగుర్తును ముందుగా చెప్పినచో, అది గల పంక్తులను మాత్రమే ముట్టి, తక్కినవానిని అంటకుండును. ఆడమ్ కాస్టెల్లో రచించిన పార్ అను చిన్న కార్యక్రమము అన్నిటికంటె చతురము: పక్కపక్క పంక్తులను పోల్చిచూచి, వానికి మొదట ఉమ్మడిగా నున్న భాగమేదో తానే కనుగొనును. పరీక్షాధికారి రెండు సమాధానపత్రములను ప్రక్కప్రక్కన నుంచి, ఎంతవరకు ఒకటిగా నున్నవో చూచి, నకలును పట్టుకొనునట్టి యుపాయమిది.

నా పొరపాటు ఎచ్చట జరిగినదో ఇప్పుడు తేటపడును. రెండు ములుకుల పంక్తి ముగిసి ఒక ములికి పంక్తి మొదలైనచోట, ఖాళీపంక్తి లేకున్నను, పేరా ముగిసినట్లే. మాటలాడువాడు మారినాడు గనుక. నేను గుర్తులను చేతితో చెరిపి ఆ సరిహద్దును ముందే కూల్చివేసి, పిమ్మట యంత్రమును పని చేయుమంటిని. సరిహద్దురాయి లేని పొలమును కొలుచు అమీనును తప్పుపట్టి ప్రయోజనమేమి?

దురాశ, దూరదృష్టి

పదములను నింపు మూడవ మెట్టున రెండు మార్గములు గలవు. ఒక పంక్తిలో ఎన్ని పదములు పట్టునో అన్నిటిని క్రుక్కి, పట్టనిదానిని తరువాతి పంక్తికి త్రోయుట మొదటిది. శాస్త్రమున దీనికి దురాశామార్గమనదగిన పేరే కలదు. చేతిలో నున్న పంక్తి నిండిన చాలునని, రాబోవు పంక్తుల గతి ఏమగునో అది ఆలోచింపదు. పది అక్షరముల వెడల్పులో ‘మరునాడు తెల్లవారగ మావాడు బయలుదేరినాడట’ అను వాక్యమును ఇది ఇట్లు పేర్చును:

మరునాడు తెల్లవారగ
మావాడు
బయలుదేరినాడట

మొదటి పంక్తి నాలుగు, ఒక ఖాళీ, అయిదు కలిసి పదియై నిండినది. రెండవదానిలో మూడక్షరములే, ఏడు గడులు బోసిపోయినవి. ఇక రెండవ మార్గము చూడుడు:

మరునాడు
తెల్లవారగ మావాడు
బయలుదేరినాడట

ఇందు మొదట ఆరు గడులు, పిదప ఒక గడి మిగిలినవి. మొత్తము మిగులు రెండింటను ఏడే గదా, భేద మేమున్నదని అడుగవచ్చును. కాని ఒకేచోట పెద్ద గుంట యుండుట, రెండుచోట్ల చిన్న గుంటలుండుటకంటె కంటికి ఎక్కువ బాధ. కావున మిగులును వర్గించి కూడుట ఆచారము. చివరి పంక్తిని లెక్కింపకున్నచో, దురాశకు సున్నయు నలువదితొమ్మిదియు కలిసి 49; దూరదృష్టికి ముప్పదియారు, ఒకటి కలిసి 37. పంక్తులు పదులకొలది యున్నప్పుడు సాధ్యమైన పేర్పులన్నిటిని ఒక్కొక్కటిగా పరీక్షించుట యంత్రమునకును భారమే. కాని ప్రతి పదమునొద్దను ‘ఇంతవరకు వచ్చుటకు అత్యుత్తమమైన మార్గమేది’ అను ఒక్క సమాధానమును మాత్రము గుర్తుంచుకొని ముందునకు సాగినచో, పని మిక్కిలి సులభమగును. ఈ పద్ధతికి 1950లలో రిచర్డ్ బెల్‌మన్ డైనమిక్ ప్రోగ్రామింగ్ అని పేరిడెను. డొనాల్డ్ క్నూత్, ఆయన శిష్యుడైన మైకేల్ ప్లాస్ కలిసి 1981లో ప్రకటించిన వ్యాసమునందు దీనిని పేరాల విరుపునకు అన్వయించిరి. అచ్చుకూర్పునకు ప్రసిద్ధమైన టెక్ కార్యక్రమమును, ఇందాక పేర్కొన్న ఎఫ్ఎమ్‌టీయు ఆ దారినే నడచినవి.

తెలుగున కెన్ని గడులు?

పైని లెక్కలో నేను అక్షరములను వ్రేళ్ళపై లెక్కించితిని. యంత్రము అట్లు లెక్కింపదు. ‘స్త్రీ’ అనునది బడిపిల్లవానికి ఒక్క అక్షరము. యూనికోడ్ పట్టికలో అది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫ, దీర్ఘము అను ఆరు సంకేతముల కూడిక. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. కావున ఫైలులో స్త్రీ పదునెనిమిది బైట్ల స్థలమాక్రమించును. బైట్లనే గడులుగా భావించు పాత కార్యక్రమమునకు డెబ్బదిరెండు గడుల పంక్తి నిచ్చినచో, తెలుగున ఇరువదినాలుగు సంకేతములకే అది నిండినదని చేతులెత్తును. పంక్తి మూడవవంతు వద్దనే విరిగిపోవును.

టెర్మినల్ తెరలు అనుసరించు వెడల్పు లెక్క మరియొకటి కలదు. అది ఇంకను చమత్కారము. అక్షరముపై నెక్కి కూర్చుండు గుడి, ఎత్వము వంటి గుర్తులకు అందు వెడల్పు సున్న. కుడివైపునకు చేయిచాచు కొమ్మునకు వెడల్పు ఒకటి. ఏలయన యూనికోడ్ పట్టిక గుడిని చోటు కోరని గుర్తుగను, కొమ్మును చోటు కోరు గుర్తుగను వర్గీకరించినది. ఫలముగా ‘తెలివి’ అను పదమునకు మూడు గడులు, ‘తెలుగు’ అను పదమునకు అయిదు గడులు వచ్చును. రెండును మూడక్షరముల పదములే. తెలివికంటె తెలుగు రెండు గడులు ఎక్కువ తినునని యంత్రముచే అనిపించుకొనుట మన భాగ్యము. అక్షరమును అక్షరముగా గుర్తించు యూనికోడ్ నియమములలో సైతము, స్త్రీ యను సంయుక్తమును స్, త్, రీ అని మూడు ముక్కలుగా గాక ఒక్కటిగా పట్టుకొను సవరణ మొన్నమొన్నటి 2023లో, 15.1వ సంచికయందు చేరినది.

దీనికి తోడు మన పదములు పొడవైనవి. ప్రత్యయములు, సంధులు ఒకదానివెంట నొకటి అతుకుకొనుటచే ఒకే పదము ‘వెళ్ళిపోవలసియుండెననుకొందును’ అన్నంత దీర్ఘమగును. ఎడిటరు ఖాళీలయొద్దనే విరుచును గాని పదమధ్యమున విరువదు. అందువలన తెలుగు పేరాలయొక్క కుడి అంచు, ఎంత దూరదృష్టితో పేర్చినను, రంపపు పండ్లవలె కనబడుట తప్పదు. ఉదాహరణముల పొరలు పెరిగి వెడల్పు తగ్గినకొలది ఆ పండ్లు ఇంకను వాడియగును. ఈ విషయమున మన పూర్వులు అదృష్టవంతులు: తాటియాకుపై గంటముతో వ్రాయు లేఖకుడు పదముల నడుమ ఖాళీయే విడువక, ఆకు అంచు వచ్చినచోట ఏ అక్షరమునొద్దనైనను ఆగి, క్రింది వరుసకు దిగెడివాడు.

సర్దరాని పంక్తులు

ఆ లేఖకుడు పద్యములనుకూడ పాదమునకొక వరుసగా గాక వచనమువలె ఏకధాటిగనే వ్రాసెడివాడు. అయినను చదువరికి పాదములు దొరకెడివి, ఛందస్సే వానిని కాపాడెడిది గనుక. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణములతో పాదమునకు ఇరువది అక్షరములు, పదవ అక్షరము యతి, రెండవ అక్షరము ప్రాస. పంక్తులను ఎంత చెరిపినను, ఈ మూడు కొలతలతో పాదాంతములను తిరిగి కనుగొనవచ్చును. నాలుగు పాదములకు ఇరువదేసి చొప్పున మొత్తము ఎనుబది అక్షరములు. ఐబీఎమ్ కార్డున ఎన్ని గడులో, ఒక ఉత్పలమాలలో అన్ని అక్షరములు.

కాని ఎడిటరునకు ఛందస్సు తెలియదు. 1990లలో అమెరికాలోని తెలుగువారు, తెలుగు లిపి తెరమీద సులభముగా దొరకని కాలమున, రైస్ విశ్వవిద్యాలయమునందు రూపొందిన ఒక లిప్యంతరీకరణ పద్ధతి ననుసరించి రోమను అక్షరములతో తెలుగు వ్రాసికొనుచు, పద్యములను ఉదాహరించుచు, ములుకులు తగిలించుచు, ఒకరికొకరు బదులు చెప్పికొనెడివారు. అట్టి జాబులో ఉదాహృతమైన పద్యముపై సర్దుడుమీటను నొక్కినవానికి నాలుగు పాదములును కలిసి వచనపు ముద్దయగుట కనబడును. చిరునామాలు, పట్టికలు, కంప్యూటరు ఆజ్ఞలు, నాటకములోని సంభాషణలు కూడ ఇట్టివే. వీనియందు పంక్తిమార్పు యంత్రము పెట్టినది గాదు, రచయిత పెట్టినది. అది మాటలో భాగము. రెండు విధముల పంక్తిమార్పులకును సంఖ్య ఒక్కటే పది యగుటచే, ఏది ఏదియో చూచి చెప్పుట ఎడిటరునకు అశక్యము. ఈ శాస్త్రమంతటికిని మూలమైన చిక్కు ఇదియే.

అతుకులలో భేదము

భిలాయివాసులకు ఈ చిక్కును రైలుపట్టాల యుపమానముతో చెప్పుట సులభము. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వముతో జరిగిన ఒడంబడిక వలన ఏర్పడి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు చేతులమీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించుకొన్న మా ప్లాంటు, దేశపు రైలుమార్గములకు పట్టాలు పోయుచున్నది. పూర్వము పట్టా ప్రమాణము పదమూడు మీటర్లు. రెండు పట్టాలను ఫిష్‌ప్లేట్లతో బిగించి, ఎండకు వ్యాకోచించుటకై నడుమ సందు విడిచెడివారు. నేడు 130 మీటర్ల పట్టా ఒకే ముక్కగా వెలువడుచున్నది. అట్టివి రెండు వెల్డింగుతో అతికి 260 మీటర్ల పట్టాగా రవాణా యగుచున్నవి. లైన్‌మన్ చూచిన తోడనే, ఇది విప్పదగిన ఫిష్‌ప్లేటు అతుకు, ఇది విప్పరాని వెల్డింగు అతుకు అని చెప్పగలడు. వ్రాతలోని అతుకులకు మాత్రము అట్టి భేదము కంటికి తెలియదు. కావున భేదమును తెలుపు ముద్ర ఒకటి కావలసివచ్చినది.

ఆ ముద్రను రాండల్ జెలెన్స్ 1999లో ప్రతిపాదించి, 2004లో ఆర్ఎఫ్‌సీ 3676 అను ప్రమాణముగా సంస్కరించెను. యుక్తి మిక్కిలి సులభము: యంత్రము తన సౌకర్యమునకై విరిచిన పంక్తి చివర ఒక ఖాళీని విడువవలెను, రచయిత తలచి విరిచిన పంక్తి చివర విడువరాదు. పంక్తి చివరి ఖాళీ ఎవరి కంటికిని కనబడదు గనుక, ఈ ప్రమాణము నెరుగని పాత కార్యక్రమములకు దానివలన హాని లేదు. ఎరిగిన కార్యక్రమము మాత్రము ఖాళీతో ముగిసిన పంక్తులను కలిపి, తన తెర వెడల్పునకు తగినట్లు నింపుకొనును. ములుకులను లెక్కించి ఉదాహరణపు లోతును తెలిసికొనుటయు, లోతు మారినచోట పేరా ముగిసినదని ఎంచుటయు ఈ నియమములలో భాగములు. విమ్‌లో సైతము, పంక్తి చివరి ఖాళీని పేరా కొనసాగుచున్నదనుటకు గుర్తుగా గ్రహించు ఐచ్ఛికము గలదు. కాని ఈ మర్యాదను మెయిలు కార్యక్రమములన్నియు పాటింపలేదు. నేడు పెక్కు జాబులు హెచ్‌టీఎమ్‌ఎల్ రూపమున నడచుచు, ఉదాహరణమును పంక్తి పంక్తికి గుర్తించుట మాని, ఆద్యంతములయందు రెండు గుర్తులతో ఆవరించుచున్నవి. ములుకులకు బదులు ఎడమప్రక్కన ఒక నిలువుగీత కనబడును. పంక్తి ఎట్లు విరిగినను ఆవరణము చెక్కుచెదరదు.

‘అని’

పరోక్తిని గుర్తించుటకు ఇట్లు రెండు మార్గములు: అడుగడుగునకు రాయి పాతుట, చుట్టును కంచె వేయుట. తెలుగునకు మూడవది ఒకటి కలదు. కొటేషను గుర్తులు అచ్చుయంత్రముతో పాటు వచ్చినవి గాని, అంతకు పూర్వము మన భాష పరుల మాటను ‘అని’ యను రెండక్షరములతో ముగించి చూపెడిది. ఆరంభమునకు గుర్తు లేదు. ముగింపునకు మాత్రమే కలదు. వినువాడు ‘అని’ వరకు విని, వెనుకకు చూచి, ఎవరి మాట ఎచ్చట మొదలైనదో అర్థమునుబట్టి గ్రహింపవలెను. తాటియాకుపై పంక్తి ఎచ్చట విరిగినను, ఎడిటరులో ఎచ్చట విరిగినను, ఈ గుర్తు వాక్యములోని పదమగుటచే దానితోనే ప్రయాణము చేయును. దానిని ఊడదీసి దాచవలసిన పని ఏ యంత్రమునకును లేదు. అయితే అది మాట ముగిసినదని చెప్పును గాని, ఎవరి మాటయో చెప్పదు. నా చేతిలో పాడైన వాక్యమున ‘తప్పు చేసేనేమో అని’ యను ‘అని’ చెక్కుచెదరక నిలిచియే యున్నది. బెంగపడినవాని పేరే మారిపోయినది. భాష ఇచ్చిన సాక్ష్యము చాలనిచోట, ఆ నిరాడంబరమైన ములికి అవసరమైనది.

నా మేనకోడలు మూలపుజాబును తిరిగి తెరచి, తెగిపడిన ‘లేదు’, ‘చేసేనేమో’ అను పదములకు రెండేసి ములుకులు పెట్టినది. పిదప పెద్దాయన మాటలను వేరుగను, కుమారుని మాటను వేరుగను ఎంచి, ఒక్కొక్కదానికి ముంగుర్తును తెలిపి, మెటా, క్యూ మీటలను రెండుమారులు నొక్కినది. కుమారుని వాక్యము ఒంటరిగా ఒక పొట్టి పంక్తియై నిలిచి, దాని కుడివైపున సగము పుట ఖాళీగా కనబడెను. పాత అలవాటున నా చేయి మీటవైపు సాగినది.

“ఉండనీ మావయ్యా,” అన్నది. “అక్కడ ఆయన ఆగేరు.”

సంచికలో ఆ ఖాళీ అట్లే అచ్చయినది.